సైజు పిల్ల

“...పెరగమని నేను చెప్పానా దానికి? భుజం దగ్గర కుట్టు పిగిలిపోయింది చూడండి!” పిన్ని గొంతు వీధి చివరికి వినిపిస్తోంది.

“పిల్ల చెట్టంతయింది. పదేళ్ళ సైజు గౌను ఎలా పడుతుంది?” కత్తెర ఆపకుండానే అన్నాడు బాబాయి.

“రాత్రి అన్నం మానిపించానుగా!”

“అన్నం మానిపిస్తే ఎముకలు తగ్గుతాయటే?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మీరు గుడ్డ కత్తిరించండి.”

వాళ్ళ గొడవంతా బల్ల మీద నిలబడ్డ పిల్ల గురించే. అమ్మానాన్న పోయాక చెల్లెలి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చింది. బట్టల కొట్లకు పిల్లల గౌన్లు కుట్టిచ్చే ఇల్లది. ప్రతి కొత్త నమూనానూ ఆమె ఒంటికి తొడిగి, గుండుసూదులు గుచ్చి సరిచేస్తారు. కదిలితే కొలత తప్పుతుంది. సూది చర్మంలోకి దిగినా ఉలక్కుండా నిలబడటం ఆమెకు వెన్నతో కాదు, సూదులతో పెట్టిన విద్య. వీధిలో అందరికీ ఆమె ‘బొమ్మ’. బడి ముఖం చూసి నాలుగేళ్ళయింది.

ఆమె కోరిక ఒక్కటే, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న రెండో మిషను. పిన్ని బజారుకెళ్ళినప్పుడల్లా దొంగచాటుగా తొక్కి నేర్చుకుంది.

“మిషను నేర్చావటగా?” పెదాల మధ్య సూదులు తీయకుండానే అడిగింది పిన్ని. “కూర్చుంటావా?”

బొమ్మ ఆశగా తలూపింది.

“అయితే నీ చెల్లిని ఎక్కించు. పదేళ్ళ సైజు దానికి అతికినట్టుంటుంది. నేను పిలిస్తే ఏడ్చి ఊరంతా ఏకం చేస్తుంది, నువ్వు చెబితే వింటుంది. కాదంటావా, నువ్వే నిలబడు. రేపట్నుంచి పగలు కూడా గంజే.”

చెల్లి గడపలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ముల్లు గుచ్చుకుంటేనే సొమ్మసిల్లే పిల్ల. అక్క పిలవగానే పరుగెత్తుకొచ్చింది.

“నొప్పెడుతుందా అక్కా?”

“చీమ కుట్టినంత.”

ఆ మాటంటూ బొమ్మ జడ ముందుకు లాక్కుని మెడ మీది మచ్చలు కప్పుకుంది. బాబాయి తలెత్తలేదు. బొమ్మ కిందికి దిగి, చెల్లిని నడుం పట్టి బల్ల మీదికెక్కించింది. మొదటి సూదికే అది కెవ్వుమంది.

“కదలకు,” అంది బొమ్మ, అచ్చం పిన్నిలాగే.

“మరి కొలతలు పగటి వెలుతుర్లోనే చూడాలి. దీని బడో?” అడిగింది పిన్ని.

“ఇక రాదని టీచరుతో పొద్దున్నే చెప్పొస్తాను పిన్నీ.”