తడి చేతికి పిడి

పుంగనూరులో కత్తులకు పిడులు వేసే ముక్తియార్ పనితనమంతా నునుపులోనే ఉండేది. జింక కొమ్మును అద్దంలా మెరిసేదాకా రుద్ది ఇచ్చేవాడు. పంతొమ్మిది వందల నలభై మూడు వానల్లో, కుప్పం అడవిలో వెదురు కొట్టే పాల్ చేతిలో అలాంటి పిడే జారింది. రెండు వేళ్లు పోయాయి.

ఆ కత్తినే పట్టుకుని అతని భార్య యేసమ్మ వచ్చింది. ఇక వెదురుకు పోవలసింది ఆమే.

"కొమ్ము తీసేయప్పా. తడిసినా జారనిది ఏదుండాదో అది ఎయ్యి."

"ఆ కొమ్ము నేనే దిద్దినానమ్మా," అన్నాడు ముక్తియార్ తల ఎత్తకుండా.

"తెలుసు. నీడలో కూసోని దిద్దేవోనికి వాన సంగతి ఎట్ల తెలుస్తాదిలే!"

అతను కొమ్ము పిడి ఊడదీసి, చెక్కలు వెతికాడు. ఎర్రచందనం అందానికే అని పక్కన పెట్టాడు. తుమ్మ ఇంకా పచ్చిగా ఉంది. చివరికి బాగా ఎండిన చింతచేవను ఆమె పిడికిలి కొలతకు చెక్కాడు. అలవాటుగా మెరుగు పెట్టే నూనెగుడ్డ అందుకోబోయి ఆగి, ఆకురాయి గాట్లను అలాగే ఉంచేశాడు.

పిడిని కత్తికి బిగించి, కత్తి అలుగుకు గోనె చుట్టి, ఆమెను చెయ్యి తడుపుకొని పిడి పట్టుకోమని, అటువైపు నుంచి గుంజాడు. రాలేదు. కాలు తన్నిపట్టి మళ్లీ గుంజాడు.

"సాలప్పా, నన్నే ఈడ్చుకపోతాండావు!"

ఆ తర్వాత ముక్తియార్ ఏ పిడినైనా తడి చేతిలో పెట్టి గుంజి చూశాకే ఇచ్చేవాడు. మెరుగు కావాలన్నవాళ్లను మదనపల్లెకు పొమ్మనేవాడు.