పాత నంబరు, కొత్త నంబరు

ఆమె మీద కేసు వేశారు, విచారించారు, తీర్పు చెప్పారు. ఆ సంగతి తెలియనిది ఆమె ఒక్కదానికే.

సెలవుల్లో పది రోజులు ఉంచుకుని పంపిస్తానని మొగుడు ఆరేళ్ల కూతుర్ని బస్సెక్కించుకుపోయాడు. అతను దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్. అప్పటికి రెండేళ్లుగా ఈమె నుంచి వేరుగా, పెద్ద ఊళ్లో ఉంటున్నాడు. పది రోజులయ్యాయి, ఇరవై అయ్యాయి, ఫోను ఎత్తలేదు. ఈమె వెతుక్కుంటూ వెళ్లి పిల్లను చేర్చిన బడి కనుక్కుంది. ప్రధానోపాధ్యాయురాలు కూర్చోమని కూడా అనలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టింది. కోర్టు ఉత్తర్వులో చివరి పేజీ. తేదీ అతను పిల్లను తీసుకుపోవడానికి ముందుదే. తల్లి నోటీసు పంపినా హాజరు కాలేదని, పిల్ల తండ్రి దగ్గరే ఉండాలని అందులో ఉంది.

"నాకు ఏ నోటీసూ రాలేదమ్మా."

"అది కోర్టులో చెప్పుకోండి. ఇక్కడ గొడవ చేస్తే వాచ్‌మన్‌ను పిలవాల్సి వస్తుంది."

కిటికీలోంచి పిల్ల వీపు మాత్రం కనిపించిందట. అమ్మ నిన్ను వద్దనుకుంది అని తండ్రి ఆ పిల్లకు చెప్పాడని తర్వాత తెలిసింది.

మా ప్రెస్సులో ఆమెను అందరూ దబ్బనం అక్క అంటారు. బైండింగ్ గదిలో పని. ఫారాలనే అచ్చయిన పెద్ద కాగితాలు మడిచి, వరస సరిచూసి, మైనం పూసిన దారంతో కుట్టి అట్ట వేస్తుంది. ఆమె కుట్టిన పుస్తకాన్ని అట్టలు రెండూ పట్టుకుని విదిలించినా ఒక్క కాగితం రాలదు. నేను అక్కడే ప్రూఫులు దిద్దేవాణ్ని. ఊళ్లోవాళ్ల తప్పులు పట్టి బతుకుతున్నానని నాకు తప్పుల తమ్ముడు అని పేరు పెట్టింది.

బడి నుంచి వచ్చిన మర్నాడు మామూలుగానే పనిలోకి వచ్చింది. నా బల్ల దగ్గర ఆగింది.

"ఒక్క పేజీ చూపించారు తమ్ముడూ. ఒక్క పేజీని పుస్తకం అనరు కదా. ముందు పేజీలు ఎక్కడున్నాయో చూడాలి."

ప్లీడరు కూడా ఇంచుమించు అదే చెప్పాడు. ఉత్తర్వు కొట్టేయించాలంటే ఫైలు మొత్తం నకలు కావాలి. నోటీసు ఏ చిరునామాకు పంపారో, ఏమని తిరిగొచ్చిందో అందులోనే ఉంటుంది. నకలు లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే పిల్ల లేదు.

పెద్ద ఊరి కోర్టు బస్సులో నాలుగు గంటల దారి. ఉత్తర్వు మీదున్న నంబరు రాసి దరఖాస్తు ఇస్తే, నకళ్ల గుమాస్తా కంప్యూటరు వైపు చూసి లేదన్నాడు.

"పోయిందా సార్, ఎక్కడికైనా పంపారా?"

"లేదంటే లేదమ్మా."

"అదే ఈ దరఖాస్తు మీద రాసి సంతకం పెట్టండి."

"నోటితో చెప్పాను కదా!"

"నోటితో చెప్పింది నేనెక్కడ దాచుకోను సార్?"

వెనకాల వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన విసుక్కుంటూ రాశాడు. ఈ నంబరు గల ఫైలు ఇచ్చట లేదు. తేదీ, ముద్ర.

ఆ ఏడే మా ఊళ్లో కొత్తగా కుటుంబ న్యాయస్థానం పెట్టారు. పాత గోదాముకు సున్నం కొట్టి, బల్లలు వేసి, బోర్డు తగిలించారు. ప్రెస్సు నుంచి నడిస్తే పది నిమిషాలు. మా ఊరివి, చుట్టుపక్కల పల్లెలవి పాత ఫైళ్లు, తీర్పయినవి కూడా, పెద్ద ఊరి నుంచి లారీలో ఇక్కడికి వచ్చాయని విని అక్క అక్కడా అడిగింది. ఈ నంబరు మా దగ్గర లేదన్నారు. అదీ రాయించుకుంది. మళ్లీ పెద్ద ఊరు, మళ్లీ మా ఊరు. పద్నాలుగు నెలల్లో ఆరు చీటీలు పోగయ్యాయి. ఆరింటి మీదా ఒకటే మాట, ముద్రలే వేరు.

నాకు ఒళ్లు మండిపోయేది. "వాళ్లకు నువ్వొక నంబరువి అక్కా, మనిషివి కాదు. వదిలెయ్."

"నంబరునైతే మరీ మంచిది. వరసలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదరా."

ఏడోసారి మా ఊరి రికార్డు గదికి వెళ్లినప్పుడు ఆమె కన్ను బీరువా మీద పడింది. అక్కడ తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టేసిన ఒక లావుపాటి పుస్తకం ఉంది. రికార్డు గుమాస్తా పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే బల్లంతా తడుముకునే రకం.

"పైన అదేంటి సార్?"

"దాని జోలికి పోకమ్మా. లారీలో ఫైళ్లతో పాటు వచ్చిన రిజిస్టరు. నడుం విరిగింది. తాడు విప్పితే కాగితాలు ఊడొస్తాయి. ఒక్కటి పోయినా నా పెన్షను ఊడుతుంది."

"ఏం రాసుంది అందులో?"

"ఏయే ఫైళ్లు వచ్చాయో రాసుంది."

"ఏయే ఫైళ్లు వచ్చాయో రాసిన పుస్తకం విప్పకుండానే నాది రాలేదని ఎట్లా చెప్పారు సార్?"

పెద్దాయన కళ్లజోడు దించుకున్నాడు. "కంప్యూటర్లో నంబర్లు చూసి చెప్పాను."

"ఆ నంబర్లు పెద్ద ఊరివాళ్లు వేసినవా, మీరు వేసినవా?"

ఆయన బీరువా వైపు చూశాడు.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ ఆఫీసు పద్ధతే అంత. రిజిస్టరు నడుం విరిగితే తాడు కట్టి పైన పెట్టేస్తారు, కొత్తది తెరుస్తారు. తాడు విప్పినవాడు అందులో ప్రతి కాగితానికీ పూచీ పడాలి. కాబట్టి ఎవడూ విప్పడు. ఫైళ్లు మా ఊరికి వచ్చినప్పుడు అన్నిటికీ కొత్త నంబర్లు పడ్డాయి. ఏ పాత నంబరుకు ఏ కొత్త నంబరో రాసిన ఒకే ఒక్క పుస్తకం అది. పెద్ద ఊరివాళ్లు తమ దగ్గర లేదన్నదీ నిజమే, మా ఊరివాళ్లు ఆ నంబరు తమది కాదన్నదీ నిజమే. ఇద్దరూ నిజమే చెబుతూ ఒక ఆడమనిషిని ఏడాదికి పైగా తిప్పారు. అబద్ధమాడి ఉంటే ఎవరి కాలరైనా పట్టుకోవచ్చు.

"విప్పి ఇమ్మనట్లేదు సార్," అంది అక్క. "కుట్టి ఇస్తాను. మీ ఎదురుగానే. పేజీలు మీరే లెక్కపెట్టుకోండి."

పై అధికారికి దరఖాస్తు పెట్టింది. అనుమతి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి రికార్డు గదిలో నేల మీద పాత కాగితం పరుచుకుని కూర్చుంది. మూడో రోజు నేనూ వెళ్లాను. అందులో పేర్లు లేవు, ఎడమన పాత నంబర్లు, కుడిన కొత్తవి, అంతే. ఊడిన కాగితాలు కొన్ని తలకిందులుగా, కొన్ని వెనకా ముందూ అయి ఉన్నాయి. వరస సరిచూడకుండా ఆమె దబ్బనం ఎక్కించదు. ఒక్కో కాగితం అంచు సవరించి, అంకె చూసి, పక్కన పెడుతోంది.

"ఇంత గట్టిగా కుట్టేస్తే నా తర్వాత వచ్చేవాడు దీన్ని చదవాల్సి వస్తుందమ్మా," అన్నాడు పెద్దాయన.

"పాపం, చదివితే చదవనీండి."

అంటూనే ఆగిపోయింది. వేలు ఎడమ వైపు గడిలో ఒక అంకె మీద ఉంది. వేలు తియ్యకుండానే కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"మీరు చదవండి సార్. నేను చదివితే బయటివాళ్లు చదివినట్టవుతుంది."

ఆయన పాత నంబరు చదివాడు. కుడి పక్కకు జరిగి కొత్తది చదివాడు. లేచి, రెండో వరస అరల దగ్గరికి వెళ్లి, నిచ్చెన కూడా వేసుకోకుండా చేతికందిన కట్ట లాగాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఫైలు తెచ్చి ఆమె ముందు నేల మీద పెట్టి, తనూ నేల మీదే కూర్చున్నాడు. అక్క మాత్రం ఫైలు ముట్టుకోలేదు. మిగిలిన మూడు ఫారాలు కుట్టి, ముడి వేసి, దారం తెంపాక అప్పుడు నకలు దరఖాస్తు రాయమని నాకు కలం ఇచ్చింది.

నకలు అరవై మూడు పేజీలు. పందొమ్మిదో పేజీలో నోటీసు కవరు ఉంది. చిరునామా పక్క పల్లెలో ఉన్న ఆమె మొగుడి అన్న ఇంటిది. ఆ గడప ఆమె పండక్కి కూడా తొక్కలేదు. కవరు మీద పోస్ట్‌మన్ పెన్సిలుతో రాశాడు: ఈమె ఇక్కడ ఉండదు, వేరే ఊళ్లో ప్రెస్సులో పని చేస్తుందని పక్కింటివాళ్లు చెప్పారు. లోకంలో ఒక మనిషి తన పని సరిగ్గా చేశాడు. దాన్ని అంతమందిలో ఒక్కరూ చదవలేదు.

ప్లీడరు వచ్చే నెల చూద్దామన్నాడు. ఎవరి కేసు వాళ్లే వేసుకోవచ్చని మా ఊరి కోర్టు గోడ మీద రాసే ఉంది, దాని మీద కేలండరు తగిలించారు. అక్క కేలండరు ఎత్తి చదివింది. పిటిషన్ నేను రాశాను. చదివిన పుస్తకాలన్నీ వాడి, గుండెలు పిండేలా రాశాను. ఆమె దబ్బనం మొనతో ఒక్కో మాటా చూపించి కొట్టేయించింది.

"ఘోరమైన అన్యాయం అన్న మాటలెందుకు తమ్ముడూ? కవరు పెడుతున్నాం కదా. చదవడం వాళ్లకూ వచ్చు."

ఫైలింగ్ కౌంటర్లో రెండుసార్లు తిప్పి పంపారు. ఒకసారి మార్జిన్ చాలదని, ఒకసారి పేజీల పట్టిక లేదని. మూడోసారి కౌంటరు ఆవిడ కట్టను అటూ ఇటూ తిప్పింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనే అమ్మా. బాగాలేదా?"

"ప్లీడర్లు తెచ్చేవి విప్పకముందే ఊడిపోతాయి. మీదేంటి, లైబ్రరీకి ఇస్తున్నట్టుంది."

వాయిదా రోజు మొగుడి ప్లీడరు నిండు కోర్టులో చేతులు తిప్పుతూ అన్నాడు. "ఉత్తర్వు సంగతి తెలిశాక కూడా అమ్మగారికి పద్నాలుగు నెలలు నిద్ర పట్టేసిందండీ. ఇప్పుడు మెలకువ వచ్చింది."

అక్క ఆరు చీటీలూ తేదీల వరసన జడ్జిగారి ముందు పెట్టింది. "ఇవండీ నేను నిద్రపోయిన రోజులు."

జడ్జిగారు ఒక్కొక్కటే పైకి చదివారు. ఆరుసార్లు లేదు అన్న మాట ఆ గదిలో వినిపించింది. నాలుగోదానికే ప్లీడరు కూర్చున్నాడు. తర్వాత జడ్జిగారే కవరు ఎత్తి పెయింటరుకు చూపించారు.

"ఈ ఇంట్లో ఈమె ఎప్పుడుంది?"

"అది మా అన్నయ్య ఇల్లండి."

"ఎవరిదని అడగలేదు. ఈమె ఎప్పుడుంది?"

"ఉండలేదండి."

ఉత్తర్వు ఆ రోజే రద్దయింది. కేసు మళ్లీ మొదటినుంచి, ఈసారి మా ఊళ్లో, ఆమె ఎదుట నడిచింది. జడ్జిగారు పిల్లను తన గదిలో కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడారు. అయిదు నెలలకు తీర్పు వచ్చింది. పిల్ల తల్లి దగ్గర ఉండాలి, ఆదివారాలు తండ్రి వచ్చి చూడొచ్చు. ఈ తీర్పు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆమె నిలబడి చదువుకుంది. పిల్లను వెంటబెట్టుకుని ప్రెస్సుకు వచ్చిన పూట మిషన్లు ఆపేశారు. మా యజమాని వాటిని కరెంటు పోతే తప్ప ఆపడు.

రికార్డు గది పెద్దాయన కుట్టిన రిజిస్టరు చూసి నంబర్ల జాబితా తయారు చేయించి కోర్టు గేటు పక్కన అంటించాడు. మొదటి వారంలోనే పదకొండు మందికి లేవన్న ఫైళ్లు దొరికాయి. వాళ్ల ద్వారా విని ఇంకొందరు ఆడవాళ్లు బైండింగ్ గదికే రావడం మొదలుపెట్టారు. అక్క చేతిలో పని ఆపకుండానే అడిగే మొదటి ప్రశ్న: మీ దగ్గరున్నది పాత నంబరా, కొత్తదా?

"ఇది ప్రెస్సా, కోర్టా?" అని యజమాని గొణిగేవాడు.

"అక్కడా ఇక్కడా కాగితాలే కదా అన్నయ్యా. ఇక్కడివి ఊడవు, అంతే తేడా."

ఆ ప్రెస్సు మానేసి నేను వేరే ఊరు వెళ్లాను. మొన్న పని మీద వచ్చినప్పుడు బస్సు స్టాపు దగ్గర కనిపించింది. పిల్ల ఎలా ఉందక్కా అని అడిగాను.

"పొద్దున్నుంచి నాతో మాట్లాడ్డం లేదు. జడ బిగించి వేశానట, తల నొప్పట. అయితే వేరే ఎవరితోనైనా వేయించుకోవే అన్నాను. వేరే ఎవరూ వద్దు, నువ్వే వెయ్యాలి, కానీ వదులుగా వెయ్యాలి అంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది తమ్ముడూ. దానికిక అప్పీలెక్కడ? పోతాను, రిబ్బన్లు కొనాలి."