డాబా మీద ఆరిన ఆకులు

ఆమెకు మూడు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, బజారులో ఆ ఊరివాళ్ల భాష, కాలేజీలో ఇంగ్లీషు. మూడింటిలోనూ బేరమాడగలదు, పోట్లాడగలదు, పాఠం చెప్పగలదు. పరిశోధనా వ్యాసం మాత్రం ఇంగ్లీషులోనే రాయాలి.

వృక్షశాస్త్రం చెప్పే ఆమెకు విద్యార్థులు పెట్టిన పేరు ఆకుల మేడమ్. మేకలు తినే చెట్ల ఆకుల్లో వగరు ఎంత ఉంటుందో, అది ఏ నెలలో పెరుగుతుందో కొలవడం ఆమె పని. దాని మీద రాసిన మొదటి వ్యాసం రెండు పత్రికల నుంచి గోడకు కొట్టిన బంతిలా తిరిగివచ్చింది. ప్రయోగంలో ఎవరూ తప్పు పట్టలేదు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవారి చేత దిద్దించి పంపమన్నారు. అలాంటివారు ఆ ఊళ్లో ఎవరూ లేరు.

అప్పుడు ఆమె కూడా, శాఖలో అందరూ చేసే పనే చేసింది. అచ్చయిన వ్యాసాల్లోంచి నున్నటి వాక్యాలు ఏరి, అట్టముక్కల మీద రాసి, ఒక రేకు డబ్బాలో దాచుకుంది. చెట్ల పేర్లూ అంకెలూ మార్చుకుంటే వాక్యం సిద్ధం. దాన్ని దొంగతనమని అక్కడ ఎవరూ అనుకోరు. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఆది జాకెట్టు తెచ్చుకోవడం లాంటిదే అనుకుంటారు. ఆమె వదిన ఆ డబ్బాకు పోపుల డబ్బా అని పేరు పెట్టింది.

మూడో పత్రిక వ్యాసాన్ని తీసుకుంది. అది అచ్చయితేనే ఆమెకు సొంతంగా పరిశోధక విద్యార్థులను తీసుకునే అర్హత వస్తుంది. ప్రూఫులు రాగానే కాగితాలు పట్టుకుని పక్క వాటాలో ఉండే వదిన దగ్గరికి వెళ్లింది. ఇంగ్లీషు తప్పుల కోసం ఎన్నోసార్లు చదివిన పేరాల మీద చూపు జారిపోతుంది కాబట్టి, చివరిసారి ఒక్కో పేరానూ తెలుగులో చెప్పుకుని సరిచూసుకోవాలని ఆమె ఉద్దేశం. బట్టలు కుట్టే వదినకు చేతులకు పనే గాని చెవులకు తీరికే.

“ఊఁ, కానియ్,” అంది వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

“ఆకులు కోశాం. కడిగాం. ఆ తర్వాత డాబా మీద గుడ్డ పరిచి ఎండలో ఆరబోశాం.”

“నాకా చెప్తున్నావు? గాలికి ఎగిరిపోతాయని నా ఇస్త్రీపెట్టె, నా కత్తెర, అన్నీ బరువులకి పట్టుకుపోయావు. ఆ కత్తెరకి అంటిన ఆకుల జిగురు ఇప్పటికీ వదల్లేదు. అది కూడా రాశావా?”

ఆమె చూపుడువేలు కాగితం మీద ఒకచోట ఆగిపోయింది. ఆకులను ఓవెన్‌లో, అరవై డిగ్రీల దగ్గర, బరువు నిలకడగా వచ్చేవరకు ఆరబెట్టామని అక్కడుంది. వాక్యంలో వంక లేదు. వంక లేనందుకే ఇన్నాళ్లూ కంటికి ఆనలేదు. శాఖలోని ఓవెన్ ఆ ఏడాదంతా పాడై మూలన పడి ఉంది. డబ్బాలోంచి వచ్చిన వాక్యం పరాయి ప్రయోగశాల ఓవెన్‌ను కూడా వెంట మోసుకొచ్చింది.

“ఏముంది అక్కడ?”

“వదినా, ఇందులో ఓవెన్‌లో ఆరబెట్టామని ఉంది.”

“అబద్ధం రాశావా?”

“రాయలేదు. అతికించాను.”

వదిన దారం కొస పంటితో తెంపింది. “ఆది జాకెట్టు తెచ్చుకుంటే తెచ్చుకున్నావు. దాని మాసికలు కూడా కుట్టేసుకుంటే ఎలాగమ్మా?”

మర్నాడు ఆమె శాఖాధిపతితో సంగతి చెప్పింది. వ్యాసం మీద రెండో పేరు ఆయనదే.

“ఎండైతేనేం, ఓవెనైతేనేం, ఆరాయి కదమ్మా. ఒడ్డెక్కాక పడవకి చిల్లు వెతుకుతారా ఎవరైనా?”

“ఎండకి వగరు విరుగుతుంది సార్. మన అంకెల్ని ఓవెన్ వాడినవాళ్ల అంకెల పక్కన పెట్టి, మన చెట్లలో వగరు తక్కువని చెప్పాం.”

“ఎవరు చూడొచ్చారు?”

“నేను చూశాను కదా సార్.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది ఆగితే ఈ ఏడు మీకు విద్యార్థులు రారు. వచ్చే ఏడు కూడా చెప్పలేం. తెలిసే అంటున్నారా?”

“తెలుసు సార్.”

“సరే. పత్రికకి ఉత్తరం పంపేముందు నాకోసారి చూపించండి. ఆ ఓవెన్ సంగతి కూడా తేల్చాలి.”

ఆ ఉత్తరానికి డబ్బా పనికిరాలేదు. తప్పు ఒప్పుకున్న వాక్యం అందులో ఒక్కటీ లేదు. చెప్పవలసింది మొదట తెలుగులో అనుకుని, చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టింది: మా ఓవెన్ పాడైంది. ఆకులు డాబా మీద ఆరాయి. ఓవెన్‌లో ఆరబెట్టామన్న వాక్యం మరొకరి వ్యాసంలోది. అందులో చెప్పిన పని మేం చెయ్యలేదు.

సంపాదకుడు అచ్చు ఆపించాడు. అవే చెట్ల ఆకులను రెండు విధాలా ఆరబెట్టి, తేడా కొలిచి పంపమన్నాడు. బాగుచేయించిన ఓవెన్‌లో సగం, డాబా మీద సగం ఆరబెట్టింది. ఎండకు ఆరినవాటిలో వగరు తక్కువగానే తేలింది. మన చెట్లలో వగరు తక్కువన్న మాట దాంతో కొట్టుకుపోయింది. ఏ నెలలో వగరు పెరుగుతుందన్న లెక్క మాత్రం, మొదటిసారి ఆకులన్నీ ఒకేలా ఆరబెట్టినవి కాబట్టి, నిలిచింది.

విద్యార్థుల కేటాయింపు ఆమె లేకుండానే జరిగిపోయింది. వ్యాసం మరుసటి ఏడు, ఒక పట్టిక తగ్గి, అచ్చయింది. ఆరబెట్టిన తీరు చెప్పే పేరాలో ఇంగ్లీషు ఇంకా మెరుగుపడాలని ఒక సమీక్షకుడు రాశాడు. ఆమె ఒక కామా మార్చి, మిగిలినదంతా ఉన్నదున్నట్టు వదిలేసింది.

డబ్బాను పారెయ్యలేదు. ఒక్కో అట్టముక్క వెనక అది ఎవరి వాక్యమో, వాళ్లు ఏ పని చేసి దాన్ని రాశారో రాసుకుంటోంది.

పత్రిక వచ్చిన రోజు వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నా కత్తెర ఇందులో ఉందా?”

“ఉంది వదినా. ‘బరువులు’ అని.”

“అంతేనా? పేరు కూడా వెయ్యలేదా?” అంటూ వదిన పత్రికను బల్ల మీద పరిచిన గుడ్డ అంచున బరువుగా పెట్టి, కత్తిరించడం మొదలుపెట్టింది.