మా మునిసిపాలిటీకి మూలపురుషుడు

ఆ రోజుల్లో నాకు కోపం తొందరగా వచ్చేది, ఉద్యోగం మాత్రం ఎంతకీ వచ్చేది కాదు. నిడదవోలు దాటాక కాలవగట్టున ఉన్న మా మేజరు పంచాయతీ తొంభైల చివర్లో ఉన్నట్టుండి మునిసిపాలిటీ అయిపోయింది. రోడ్లు అవే, దోమలు అవే, బోర్డు మాత్రం కొత్తది. అక్కడి హైస్కూల్లో నేను తాత్కాలికపు తెలుగు మాస్టారిని. జూన్‌లో మళ్లీ తీసుకోవడం చైర్‌పర్సన్ గారి దయ. చైర్‌పర్సన్ గారంటే ఆవిడ భర్తగారు అని అర్థం చేసుకోవాలి (సీటు ఆడవాళ్లది, కుర్చీ ఈయనది). ఆయన ఓ రోజు నన్ను పిలిచి, "మాస్టారూ, మునిసిపల్ ఆఫీసు ప్రారంభోత్సవానికి ఊరి చరిత్ర పుస్తకం వెయ్యాలండి. మొట్టమొదట ఇక్కడికొచ్చిన మహానుభావుడెవరో కనుక్కుని రాయండి. జూన్ సంగతి నాకొదిలెయ్యండి" అన్నారు.

చరిత్ర రాయడానికి చదువు కావాలనుకున్నాను. కావలసింది జీర్ణశక్తి అని తర్వాత తెలిసింది. కాలవ లాకు దగ్గర కొబ్బరితోటలున్న పెద్దాయన ఒకరుండేవారు, ఊరంతా లాకుతాతగారు అనేవారు. "మా ముత్తాతగారు పడవ దిగేసరికి ఇక్కడ తుప్పలు తప్ప నరమానవుడు లేడండి. ముందు టిఫిన్ చెయ్యండి" అని పెసరట్లు వేయించారు. మావైపు తినకుండా లేస్తే అమర్యాద. అక్కణ్ణుంచి కిరాణా షావుకారు గారింటికి వెళ్తే, ఆయన నన్ను కూర్చోబెట్టి మొహం చిన్నబుచ్చుకున్నారు. "అల్లం పచ్చడి వాసనొస్తోందండి. ముందు లాకుతాతగారింటికి వెళ్లారన్నమాట. ఇంక మమ్మల్ని రెండో పేజీలో వేస్తారు" అన్నారు. అబ్బే అలాంటిదేం లేదండి అన్నా వినలేదు. "తుప్పలే ఉన్నాయన్నారా? మరి వారి ముత్తాతగారు దిగిన రోజు బెల్లం ఎవరి కొట్లో కొన్నారటండి? ఇడ్లీ తినండి."

మర్నాడు ముందు షావుకారు గారింట్లో తిన్నాను. ఆ కబురు నాకంటే ముందే లాకు చేరింది. "పర్లేదండి, పెద్దవాళ్లిళ్లల్లో తింటారు. మా ఇంట్లో ఏం బావుంటుంది లెండి" అంటూ లాకుతాతగారు నవ్వుతూనే మరో రెండు పూర్ణాలు వడ్డించారు (మా జిల్లాలో తిట్టినా అండీ అనే తిడతారు, తగిలిందని ఇంటికెళ్లాక గానీ తెలియదు). ఇలా రెండిళ్ల మధ్యా తిరిగి తిరిగి నా చొక్కా గుండీలు పట్టడం మానేశాయి. పుస్తకంలో ఒక్క వాక్యం పడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల ముత్తాతల్లో ఎవరు ముందొస్తే నాకేం, నా ఉద్యోగం ఏం కావాలి?

చివరికి చైర్‌పర్సన్ గారింట్లో అందరం కూర్చున్నాం. భర్తగారికి ఇద్దరి ఓట్లూ కావాలి. "ఇద్దరూ ఒకే పడవలో వచ్చారని రాసేద్దామండి" అన్నారు. పెద్దలిద్దరూ తలూపారు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "అయితే ముందు ఒడ్డున కాలుపెట్టిందెవరండి?" అన్నారు షావుకారు గారు. "మీవారు గౌరవంగా మా ముత్తాతగారికి దారిచ్చుంటారండి" అన్నారు లాకుతాతగారు. నేను కలం బల్ల మీద గిరాటేశాను. "అసలు ఎవరూ దిగక్కర్లేదండీ! ఇద్దర్నీ పడవలోనే ఉంచేస్తాను!" అని అరిచాను. ఆ దెబ్బతో నా ఉద్యోగం కాలవలో కలిసిందనుకున్నాను.

అంతవరకూ కాఫీలు అందిస్తున్న అసలు చైర్‌పర్సన్ గారు పళ్లెం కింద పెట్టి, "దిగిన పూట వాళ్లకి అన్నం ఎవరు వండారండి?" అని అడిగారు.

"మా తాతమ్మగారు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఆవిడ పేరేంటండి?"

ముత్తాతల గురించి నా బుర్ర తినేసిన ఇద్దరూ ఇంటి కప్పు వైపు చూశారు.

"అయితే అది తెలిసేదాకా మొదటి పేజీ ఖాళీగా ఉంచండి మాస్టారూ" అన్నారావిడ. భర్తగారు ఏదో అనబోతే, "సంతకం నాది కదండీ" అన్నారు. పుస్తకం అలాగే వచ్చింది. జూన్‌లో నా కాగితం మీద కూడా ఆవిడే సంతకం పెట్టారు.

ఆ రోజు పెద్దలిద్దరి మొహాలూ తలుచుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చి, "అమ్మా, మన తాతమ్మ పేరేంటే?" అని అడిగాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి, "తాతమ్మా అనే పిలిచేవాళ్లంరా" అంది.

ఇప్పుడు నా తల నెరిసింది, కోపం తగ్గింది. చరిత్ర రాస్తానని పెద్దవాళ్ల మీద అంతెత్తున ఎగిరిన ఆ కుర్ర మాస్టార్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వాడికీ చెప్పడానికి పేరు లేదు.