బండి ముందు మనిషి

భవానీపూర్‌లోని ఒక ఆసుపత్రి వరండాలో, గచ్చు అతుకుల మీద టకటకమంటూ స్ట్రెచర్ వస్తుంటే నేను మంచం పట్టెను పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడికి గుండె ఆపరేషన్. వాడు మాత్రం మంచం మీంచి తల ఎత్తి చూసి, "అక్కా, బండొచ్చేసింది," అన్నాడు. ఆ మాట మా ఇంట్లోకి అప్పన్న తాత నుంచి వచ్చింది.

తాత మాకు చుట్టం కాదు. వాట్‌గంజ్‌లో మా పక్క గదిలో ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్లంతా ఓడల డాకుల్లో పనికి చేరితే, ఆయన మైదాన్ దగ్గర గుర్రబ్బండి తోలేవాడు. ఆయనకు కదిలేదంతా బండే. హౌరాలో ఎక్కే రైలు బండి, ట్రాము బండి, టాక్సీ కూడా బండే. నాన్నకు పని దొరకని రోజుల్లో మా గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, బండి నడస్తందా?" అని అమ్మను అడిగేవాడు. అది మా సంసారం గురించి. మోకాళ్లు నొప్పెడితే, "ఈ బండికి ఇరుసు అరిగిపోనాది," అని తన కాళ్లే చూపించేవాడు. నేను పుట్టు భయస్తురాలిని, నన్ను నవ్వించడం అంత తేలిక కాదు. ఆ మాటకు మాత్రం నవ్వేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. వీధంతా మోకాళ్లు దాటి నీళ్లు. నాన్న డాకులో ఉన్నాడు. టాక్సీవాళ్లు నీళ్లు చూసి వెనక్కి తిరిగారు. తాత తన బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఏదో పెళ్లి ఊరేగింపుకు కట్టిన బంతిపూల దండలు ఇంకా దానికి వేలాడుతున్నాయి. అమ్మ పళ్లు బిగబట్టి ఎక్కింది, పక్కన నేను.

మలుపు దగ్గర గుర్రం ఆగిపోయింది. అడుగు కనబడని నీళ్లలో అది కాలు పెట్టదు. కొరడా తీస్తాడనుకున్నాను. తాత కిందికి దిగి, కళ్లెం పట్టుకుని గుర్రానికి ముందు నడిచాడు. పాదంతో నేల తడుముకుంటూ ఒక అడుగు, ఆగి మరో అడుగు. ఆయన వేసిన చోటే గుర్రం కాలు వేసింది. మూతల్లేని మ్యాన్‌హోళ్లు ఆ వీధిలో ఎక్కడెక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

"తాతా, గొయ్యుంటే?" అని ఏడ్చాను.

"ఉంటే ముందు నాను పడతాను గదేటే. బండి ఆగిపోద్ది. మీ యమ్మకేటీ అవదు," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

తమ్ముడు ఆ సాయంత్రమే పుట్టాడు. తాత ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, పాదంలో గుచ్చుకున్న గాజుపెంకు తీసుకుంటూ, "గుంటడేనా?" అని అడిగి నవ్వాడు. కళ్లెం పట్టుకున్న ఆయన చెయ్యి దారంతా వణుకుతూనే ఉందని అమ్మ చాలా ఏళ్ల తరవాత చెప్పింది. ఆయనకూ భయమేసిందని తెలిశాక ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగింది.

తాత ఇప్పుడు లేడు. తమ్ముణ్ణి ఎక్కించుకుని వార్డుబాయ్ స్ట్రెచర్ కదిలించగానే నేను పక్కన నడవకుండా ముందుకు వెళ్లాను. "దిదీ, ఎక్‌టు శోరూన్," తప్పుకోమని అతను విసుక్కున్నాడు. తప్పుకోలేదు. ఒక్కో అడుగూ చూసి వేశాను.

అమ్మ నోట ఆ కథ వింటూ పెరిగిన తమ్ముడు వెనకనుంచి పిలిచాడు. "అక్కా, గొయ్యుందేటి?"

"లేదురా, రా," అన్నాను, వెనక్కి తిరక్కుండానే.