మాబక్క కోసిన సీసాలు

సీసా మీద గ్లాస్ కట్టర్ గీత పడేటప్పుడు వచ్చే కీచు శబ్దం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పడదు. పళ్లు జివ్వుమంటాయంటూ మా ఆయన బయటికి వెళ్లిపోతాడు. ఈ రోజు పొద్దున ఒక పచ్చ సీసాను బల్ల మీద దొర్లిస్తుంటే ఆ శబ్దం మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే తీరుగా సాగి, గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. అలా కలిస్తే మాబక్క ఏమీ అనేది కాదు. కలవకపోతేనే నోరు తెరిచేది. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. బాగా కుదిరిన పనిని చూసి మాట్లాడకుండా ఊరుకునే మనిషి ఇప్పుడు పక్కన లేదు. ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది.

మాబక్క అసలు పేరు మహబూబ్బీ. ఉరవకొండ దారిలోని మా ఊళ్లో మాకు రెండిళ్ల అవతల ఉండేది. భర్త వయసులోనే పోయాడు. ఒక్కగానొక్క కూతురిని గుత్తిలో ఇచ్చింది. తను కూలికి పోయి బతికేది. మా చేను తారురోడ్డును ఆనుకుని ఉంటుంది. రోడ్డుకు అవతల బ్రాందీ షాపు పెట్టిన నాటినుంచి, తాగేవాళ్లు మా చేనిగట్టు మీద కూర్చోవడం, ఖాళీ సీసాను చేలోకి విసిరి పోవడం మామూలైపోయింది. సేద్యం చేసేటప్పుడు అవి పగిలి మట్టిలో కలిసిపోయేవి. వేరుశనగ చేలో కలుపు చేత్తో తియ్యాలి, చెట్టును చేత్తోనే పట్టి పెరకాలి. ఒక ఏడాది కలుపు తీస్తుంటే మాబక్క కుడిచెయ్యి మా చేలోనే తెగింది. ఉరవకొండకు తీసుకుపోయి కుట్లు వేయించాం. గాయం మానింది గానీ చివరి రెండు వేళ్లు మళ్లీ ముడవలేదు. నన్ను ఏదో ఒకటి అంటుందని చాలాకాలం ఎదురు చూశాను. ఒక్క మాటా అనలేదు.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆవిడ భుజాన ఒక గోనెసంచి ఉండేది. రోడ్డు పక్కనా చేలల్లోనా సీసా కనబడితే పగలకముందే ఏరి తెచ్చుకునేది. పాత సామాన్లవాడు బీరు సీసాలు తీసుకునేవాడు, చిన్న బ్రాందీ సీసాలు మాత్రం వద్దనేవాడు. ఇంటి నిండా పేరుకుపోయిన వాటిని ఏం చెయ్యాలో తెలియక కొయ్యడం మొదలుపెట్టింది. ఐదుపూటలా నమాజు చేసే మనిషి వాకిట్లో బ్రాందీ సీసాలు బారులు తీరితే ఊరు ఊరుకుంటుందా? మాబక్క కొట్టు తెరిచిందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒకడైతే ఏకంగా వాకిట్లోకే వచ్చి, "ఏం మాబక్కా, నాకూ కొంచెం పోస్తావా?" అని అడిగాడు.

"పోస్తా, కూచోప్పా. సీసాలు కడిగిన నీళ్లు బిందె నిండా ఉండాయి" అంది. అతను మళ్లీ ఆ వైపు రాలేదు.

మొదట్లో నూనెలో తడిపిన దారాన్ని సీసాకు చుట్టి, అంటించి, చల్లటి నీళ్లలో ముంచేది. చాలావరకు వంకరగా పగిలేవి. తర్వాత ఫోటోలకు ఫ్రేములు కట్టే అతన్ని అడిగి అరిగిన గ్లాస్ కట్టర్ ఒకటి తెచ్చుకుంది. పాత తలుపుచెక్క మీద రెండు కట్టెలు మేకులతో కొట్టి, వాటి నడుమ సీసా కుదురుగా పడుకునేట్టు చేసింది. సైకిల్ ట్యూబు ముక్కతో కట్టర్‌ను ఒక పక్క బిగించింది. సీసాను ఒక్క చుట్టు దొర్లిస్తే గీత పడుతుంది. దాని మీద ఒకసారి వేన్నీళ్లు, ఒకసారి కుండనీళ్లు పోస్తే సీసా రెండుగా విడిపోతుంది. ఆ అంచును బండ మీద ఇసుకా నీళ్లూ వేసి అరగదీసేది. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో గాజుకు ఇన్ని నీళ్లా అని మేము బుగ్గలు నొక్కుకున్నాం. ఆవిడ ఆ నీళ్లనే తేర్చుకుని మళ్లీ వాడేది. అడుగున మిగిలిన గాజుపొడినీ, పగిలిన పెంకులనూ సిమెంటులో కలిపి దీపాలకు దిమ్మెలు పోసేది. గాజు తునక ఒక్కటి కూడా తిరిగి మట్టిలోకి పోకూడదని ఆవిడ పట్టు.

రెండు వైపులా కోసిన సీసాను దిమ్మె మీద నిలబెడితే లోపలి దీపం గాలికి ఆరదు. మా వైపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. బ్రాందీ సీసాలో దేవుడి దీపమా అని మా అత్త మూతి తిప్పుకుంది. కార్తీకమాసంలో పెట్టిన దీపం పెట్టినట్టే ఆరిపోతుంటే, చివరికి తనే పోయి ఒకటి అడిగి తెచ్చుకుంది.

తర్వాత వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు సమయానికి కురిశాయి. ఏ చెట్టు పెరికి చూసినా గుత్తులుగా కాయ. ఆ పంట కూడా చేతికి రాకపోతే ఇల్లు మూసి బెంగళూరుకు కట్టడం పనికి పోదామని నేనూ మా ఆయనా అనుకుని ఉన్నాం. సరిగ్గా పెరికే వేళకు కూలీలు రామన్నారు. అంతకుముందు కలుపు తీసినప్పుడు ఇంకొకామె అరచెయ్యి తెగింది. రోడ్డు పక్క చేలో చెయ్యి పెట్టేది లేదని ఆడవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. వాళ్లది తప్పని ఎలా అనగలను? కానీ ఆలస్యమైతే నేల గట్టిపడుతుంది. చెట్టు చేతికొస్తుంది, కాయ తెగి భూమిలోనే ఉండిపోతుంది. నేను మాబక్క దగ్గరికి పోయి ఏడ్చాను. ఆవిడ వేళ్లు పోయిన చేను కోసమే ఆవిడ ముందు ఏడుస్తున్నానని మధ్యలో గుర్తొచ్చింది. అయినా ఏడుపు ఆగలేదు.

ఆవిడ ఓదార్చలేదు. "తాగినోని చెయ్యి ఎంత దూరం ఇసురుతాది సరోజా?" అని అడిగింది.

మర్నాడు మా ఆయనను గట్టు మీద కూర్చోబెట్టి, సీసా బరువున్న రాళ్లు ఏరి ఇచ్చి చేలోకి విసరమంది. కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి, తూలుతూ ఒకసారి. వాడికి తెలియని పనేం కాదులే అని మా అత్త గొణిగింది. అన్నిటికంటే దూరం పడిన రాయిని గుర్తు పెట్టుకుని, సేద్యంలో నాగలి గాజును ముందుకు ఈడ్చుకుపోయే దూరం కూడా లెక్క వేసుకుని, అక్కడ కట్టెలు నాటి తాడు కట్టింది. తాడుకు రోడ్డు వైపున్నది మాబక్క, నేను, మా ఆయన, మా ముగ్గురిదీ. చేతులకు గోనెగుడ్డ చుట్టుకుని, పారతో మట్టి వదులు చేసి మేమే పెరుకుతాం. అవతలిది కూలీలది.

కబురు పెడితే కూలీలు వచ్చారు గానీ గట్టు దిగలేదు. తాడు కట్టినట్టు గాజుకు తెలుస్తుందా అని ఒకామె అడిగింది. మాబక్క చేతులకు చుట్టుకున్న గుడ్డలు విప్పి పక్కన పెట్టి, తాడు దాటి వాళ్ల వైపుకు పోయింది.

"నా చెయ్యి ఈ చేన్లోనే తెగింది, మీకందరికీ తెలుసు. ఈ పక్క మొదటి సాలు నేను పెరుకుతాండా. నాకు తెగితే మీరు ఇండ్లకు పోండి."

వంగి ఉత్త చేతులతో పెరకడం మొదలుపెట్టింది. ముడవని ఆ రెండు వేళ్లు చెట్టు పట్టిన ప్రతిసారీ పక్కకు నిలబడేవి. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సాలు చివరికి పోయి, లేచి, చేతులు దులుపుకుంది. తాడు సంగతి అడిగిన ఆమే ముందుగా కొంగు దోపుకుని దిగింది. వెనకే మిగతావాళ్లు దిగారు. ఆ చేలో ఆ రోజు ఎవరి చెయ్యీ తెగలేదు. మా వైపు మాత్రం గంపెడు గాజు దొరికింది.

ఆ ఏడు మేము బెంగళూరుకు పోలేదు. నీకేం ఇవ్వాలక్కా అని అడిగితే ఏమీ వద్దంది. "నా వేళ్లతో పని సాగడం లేదు. నువ్వొచ్చి సీసాలు కొయ్యి" అంది. అలా నేను ఆ బల్ల ముందు కూర్చున్నాను. అంచు అరగదీసి చూపిస్తే ఆవిడ చూసేది కాదు. "నాకెందుకు చూపిస్తావు? నీ అరచెయ్యి పెట్టి తిప్పు. నీకు తెగకపోతేనే ఇంకొకరి ఇంటికి పంపు" అనేది. మొదట్లో చాలాసార్లే తెగింది. తర్వాత హైవే హోటలువాళ్లు వేలాడే దీపాలు చేసిమ్మని అడిగే దాకా వచ్చింది. ఆవిడంటే నాకు భయం, ఇష్టం రెండూ ఉండేవి. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. చివరికి జ్వరం వచ్చి గుత్తిలో కూతురి ఇంట్లోనే పోయింది.

బ్రాందీ షాపు అక్కడే ఉంది. సీసాలు పడుతూనే ఉన్నాయి, నేను ఏరుతూనే ఉన్నాను. కాయ పెరికే రోజు తాడు కడతాం. కూలీలు వచ్చి గట్టు మీద నిలబడతారు. వాళ్లు నన్ను ఏమీ అడగరు. చేతులకు ఏమీ చుట్టుకోకుండా తాడు దాటి, మొదటి సాలు నేను పెరుకుతాను. ప్రతి ఏడూ భయం వేస్తుంది. ఆ రోజు ఆవిడకూ వేసే ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు.