మా అబ్బాయి దగ్గర నా ఉద్యోగం

అమెరికాలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది మా అబ్బాయే. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్లు, నాకు యాభై దాటాయి.

పెళ్లయి ఈ దేశం వచ్చిన కొత్తలో నా వీసా మీద పని చేయడానికి వీల్లేదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నేను కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో కరివేపాకు మొక్కతో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. పని చేసుకోవచ్చన్న అనుమతి చేతికొచ్చేసరికి మా అబ్బాయి పుట్టాడు. పుట్టేటప్పుడు వాడి మెదడుకి కాసేపు ప్రాణవాయువు అందలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాళ్లు వాడి మాట వినవు. కుడిచెయ్యి కొంచెం వింటుంది, ఎడమచెయ్యి దానికి బుద్ధి పుట్టినప్పుడు వింటుంది. మాట నిదానంగా, కాస్త ముద్దగా వస్తుంది. కానీ ఒకసారి నోట్లోంచి బయటపడిందంటే తగలాల్సిన చోట సూటిగా తగులుతుంది.

పొద్దున మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం, బిగుసుకుపోయిన కాళ్లు సాగదీయడం, మళ్లీ పడుకోబెట్టడం, అన్నీ నావే. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఓ చెయ్యి వేసేవారు. మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే మాత్రం "ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాను" అనేదాన్ని.

ఒకరోజు ఇడ్లీ తినిపిస్తుంటే వాడు నోరు మూసేసి, తల పక్కకి తిప్పాడు. ముఖ్యమైన సంగతి చెప్పాలనుకున్నప్పుడు అలా చేస్తాడు.

"అమ్మ, నాలాంటి వాళ్లని ఇంట్లో చూసుకుంటే కౌంటీ పే చేస్తుంది. నీకు వస్తుంది."

"నాకెందుకురా?"

"నువ్వు చేసేది వర్క్, అమ్మ."

"నీకు అన్నం పెట్టినందుకు డబ్బు తీసుకోమంటావా? కళ్లు పోతాయి!"

"ఇడ్లీ కూడా చల్లారిపోతుంది" అని నోరు తెరిచాడు. ఆ మధ్యాహ్నమే కౌంటీ ఆఫీసుకి, అంటే మన జిల్లా ఆఫీసులాంటి దానికి, ఫోన్ చేశాడు.

వాడికి ఎంత సాయం అవసరమో చూసి, నెలకి ఎన్ని గంటలకి జీతం ఇవ్వాలో తేల్చడానికి కౌంటీ నుంచి ఒకావిడ వస్తుందన్నారు. ఇంటికి మనిషి వస్తోందంటే నేనేం చేస్తాను? ఇల్లంతా తుడిచాను. వాడికి గడ్డం గీసి, పెళ్లిళ్లకి వేసే నీలం చొక్కా తొడిగి, పౌడరు రాశాను. గారెలకి పప్పు రుబ్బాను.

"అమ్మ, ఇది పెళ్లిచూపులు కాదు" అన్నాడు వాడు.

వచ్చినావిడ పొడుగాటి మనిషి. తెల్లని పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. చెప్పకుండానే గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. అక్కడే నాకు నచ్చేసింది. కూర్చుని ఇంగ్లీషులో మెల్లగా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"స్నానం తనంతట తను చేస్తాడా?"

"చాలా శుభ్రం మనిషండీ" అన్నాను.

"బట్టలు? గుండీలు పెట్టుకోగలడా?"

"చిన్నప్పుడు స్పెల్లింగ్ పోటీలో ఫైనల్ దాకా వెళ్లాడు."

"అమ్మ," అన్నాడు మావాడు, "ఆమె బటన్స్ గురించి అడిగింది."

నాకు తెలియక కాదు. వాడిని చూసిన ప్రతివాళ్ల కళ్లూ ముందు వాడు చేయలేనివాటి మీదకే పోతాయి. అందుకని వాళ్లు అడగకముందే వాడికి వచ్చినవన్నీ ఏకరువు పెట్టడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి చేయలేనివే చెప్పమంటోంది. నోరు రాలేదు.

ఆవిడ కళ్లద్దాలు తీసేసి అంది. "మంచిరోజు సంగతి వద్దమ్మా. బాగాలేని రోజు ఎలా గడుస్తుందో చెప్పండి."

"మాకు బాగాలేని రోజుల్లేవండీ" అన్నాను.

మావాడు కాసేపు నా వైపు చూశాడు. తర్వాత తెలుగులో, చాలా మర్యాదగా, "అమ్మ, నువ్వు గరాజ్‌కి వెళ్లు, ప్లీజ్" అన్నాడు.

వెళ్లి కారులో కూర్చున్నాను. మా ఇంటికీ గరాజ్‌కీ మధ్య తలుపు పల్చన. చెవులు మూసుకుందామనుకున్నాను కానీ మూసుకోలేదు.

"మా అమ్మ నన్ను ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడుతుంది," అంటున్నాడు. "నడుములోంచి ఒక సౌండ్ వస్తుంది. పోయిన నెల బాత్రూమ్‌లో ఇద్దరం పడిపోయాం. నేను అమ్మ మీద పడ్డాను. నాన్నకి చెప్పొద్దంది. ఆ రోజు నుంచి స్నానం అంటే నాకు భయం. నాకు దెబ్బ తగులుతుందని కాదు."

వాడికి ఇన్ని తెలుసని నాకు తెలియదు. వాడికి కనపడకుండా దాచానని ఇన్నాళ్లూ అనుకున్నాను. స్టీరింగ్ మీద తల ఆనిస్తే హారన్ మోగింది.

లోపల ఇద్దరూ నవ్వారు. తర్వాత వాడు కేకేశాడు: "అమ్మ, అయిపోయింది! గారెలు తీసుకురా!"

గారెలో పచ్చిమిరపకాయ తగిలి ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "మీ అబ్బాయి చాలా స్పష్టంగా మాట్లాడతాడు" అంది.

"నేను చెప్పాను కదండీ, స్పెల్లింగ్ పోటీలో..."

"అమ్మ!"

ఆ సాయంత్రం మా ఆయనకి నేనే చెప్పాను, బాత్రూమ్‌లో పడ్డ సంగతి. ఆయన లేచి వెళ్లి బాత్రూమ్ నేలని కాలితో రుద్ది చూసి వచ్చి, నా పక్కన కూర్చున్నారు.

గంటలు మంజూరయ్యాయి. జీతం ప్రభుత్వానిది. కానీ ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని తీసేయాలి, పనిచేసిన గంటలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది మావాడి ఇష్టం. అంటే యజమాని వాడే. ఆ మాట వినగానే వాడి మొహంలో ఒక వెలుగు వచ్చింది.

ఉద్యోగంలో చేరే ముందు నేను నేరస్తురాలిని కాదని తేలాలి కాబట్టి వేలిముద్రలు తీసుకున్నారు. మిషను నా వేళ్లని ఎంతకీ చదవలేదు. అంట్లు తోమీ తోమీ గీతలు అరిగిపోయినట్టున్నాయి. అక్కడి అమ్మాయి నా వేళ్లకి ఏదో క్రీము రాసి, ఒక్కోటీ పట్టుకుని అద్దింది. పక్కన కుర్చీలో కూర్చున్న నా యజమాని ఆమెతో, "జాగ్రత్తగా చెక్ చేయండి. ఈమెతో నేను ఒక్కడినే ఉండాలి" అన్నాడు. చివరికి నా కడుపున పుట్టినవాడికి నావల్ల ప్రమాదం లేదని ప్రభుత్వం తేల్చింది.

మొదటివారంలోనే మాట పడ్డాను. వాడి కాళ్లకి వ్యాయామం చేయిస్తూ, హనుమకొండలో ఉన్న మా ఆడపడుచుతో స్పీకర్ ఫోన్లో మాట్లాడుతున్నాను. ఆవిడకి సంగతి అప్పుడే తెలిసింది.

"కన్నకొడుకుకు చేసుడుకు పైసలు తీస్కుంటున్నవా వదినా? మంచిగుంటదా?"

మావాడు అందుకున్నాడు. "అత్తా! అమ్మ మంచి వర్కర్! కానీ డ్యూటీలో ఫోన్ మాట్లాడుతుంది!"

అటువైపు ఆవిడ గొంతు మారింది. "గట్లనా... మరి మా అత్తమ్మ మంచంల వడ్డ కాడికెల్లి నేనే చూస్తున్న గదా. నాకెవరిస్తరు వదినా?"

ఆ తర్వాత ఆవిడ నన్ను మళ్లీ ఆ మాట అనలేదు. పైగా ఫోన్ చేసినప్పుడల్లా "డ్యూటీలున్నవా?" అని అడిగి మరీ మాట్లాడేది.

మొదటి జీతం నా పేరున బ్యాంకులో పడ్డ రోజు ఫోన్ తెరిచి చూసుకున్నాను. మూసి, బియ్యం కడిగి వచ్చి, మళ్లీ చూసుకున్నాను. కొనాలనుకున్నవేవీ కొనలేదు. అది అక్కడ నా పేరు కింద ఉందని అప్పుడప్పుడూ వెళ్లి చూసి వస్తే చాలనిపించింది.

ఏడాది గడిచింది. ఒకరోజు మావాడు నన్ను భోజనాల బల్ల దగ్గరికి పిలిచి, కూర్చోమన్నాడు.

"నీ పని బావుంది," అన్నాడు. "కానీ మార్నింగ్స్ ఇంకొకరికి ఇస్తాను."

"బావుంటే తీసేయడమెందుకు?"

"తీసేయట్లేదు. ఆఫ్టర్‌నూన్స్ నీవే. అమ్మ, నాకు ఇరవై మూడు. ఇంకా అమ్మ స్నానం చేయిస్తుంది." తల పక్కకి తిప్పాడు. "నాకు మగాడు కావాలి. పిచ్చి జోకులు వేసేవాడు."

ఆ రాత్రి పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను. కావాలని కాదు. కావాలనే అని ఇప్పటికీ వాడి నమ్మకం.

పొద్దుటి పని కోసం మనుషులు వచ్చారు, మాతో మాట్లాడటానికి. మొదటాయన మావాడి ఎదుట కూర్చుని, నా వైపు తిరిగి, "అతను ఏం తింటాడు?" అన్నాడు. "అతను ఇక్కడే ఉన్నాడు" అన్నాడు మావాడు. అంతటితో సరి. రెండో ఆయన నెమ్మదస్తుడే. కానీ మాట్లాడుతుండగా నా కుక్కర్ విజిల్ వేసింది. ఆయన అదిరిపడి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. మళ్లీ కుదుటపడలేదు.

మూడో మనిషి తలుపులో పట్టనంత ఉన్నాడు. యాభై ఉంటాయి. అంతకుముందు ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే పని. "ఎన్నో పియానోలు ఎత్తాను," అన్నాడు మావాడితో, "ఒక్కటీ నా మీద ఫిర్యాదు చేయలేదు."

"నేను చేస్తాను" అన్నాడు మావాడు.

"పియానోలకంటే తేలిగ్గానే ఉన్నావులే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పుడు నా వంతు వచ్చింది. "పెళ్లయిందా? పిల్లలా? ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, అవి అడగకూడదు! ఇల్లీగల్!"

ఆయన మాత్రం అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. రెండు విడాకులు, ఒక పిల్లి. రెండు విడాకులంటే నాకు కొంచెం గుండె గుభేలుమంది. పిల్లిని పెంచుతున్నాడు కదా, మంచివాడే అయ్యుంటాడని సర్దుకున్నాను. ఎలాగూ నా ఓటు లెక్కలోకి రాలేదు.

ఆయన పనిలో చేరిన రోజు పొద్దున్నే నన్ను ఇంట్లోంచి పంపేశారు. వాగు పక్కన కాలిబాట ఉంది మాకు. కారులో దాని పక్కనుంచి వేలసార్లు వెళ్లాను, ఎప్పుడూ దిగలేదు. ఆ రోజు నడిచాను. అడవి ఆవాలు పచ్చగా పూశాయి, సోంపు మొక్కలు నా భుజాల దాకా ఉన్నాయి. వాటి లాటిన్ పేర్లు ఒక్కొక్కటే నోటికొస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. అయినా మనసంతా బాత్రూమ్‌లోనే ఉంది. చెప్పిన టైముకంటే ముందే వచ్చేశాను.

తలుపు తీయగానే లోపలినుంచి పెద్ద కేక. పరుగెత్తాను. మావాడు కుర్చీలో కూర్చుని గుక్కపట్టి నవ్వుతున్నాడు. టీషర్టు వెనకది ముందుకి వేసి ఉంది. జుట్టంతా జెల్ పెట్టి ముళ్లపందిలా నిలబెట్టారు. స్నానం నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. ఆ భారీ మనిషి తడి సాక్సులతో, తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఎవరు చేశారు ఈ జుట్టు?"

"నేనే చెప్పా," అన్నాడు మావాడు. "నాకు ఇలాగే కావాలి. ఇన్నేళ్లూ నువ్వు పక్కపాపిడి తీశావు, నేను ఏమన్నా అన్నానా?"

నేను మాప్ కర్ర అందుకున్నాను. "అమ్మ, నువ్వు డ్యూటీలో లేవు" అన్నాడు. ఆయన నా చేతిలోంచి కర్ర తీసుకుని తుడిచాడు, చాలా అధ్వాన్నంగా. ఆయన వెళ్లాక మళ్లీ నేనే తుడుచుకున్నాను.

మెల్లమెల్లగా ఇద్దరికీ కుదిరింది. నాకూ కుదిరింది. ఆయనకి పెసరట్టు అలవాటైంది, నాకు నడక అలవాటైంది.

మొన్న వేసవిలో ఒక శనివారం ఇద్దరూ కలిసి రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోకి బేస్‌బాల్ ఆటకి వెళ్లారు. నేనూ మా ఆయనా వస్తామన్నా రానివ్వలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మావాడి ముక్కు ఎండకి కమిలి ఎర్రగా అయింది. అరిచీ అరిచీ గొంతు పోయింది. చొక్కా మీద హాట్‌డాగ్‌లో వేసే ఆవాల సాసు మరక. ఆ పియానోల మనిషే వాడికి మొహం కడిగి, బట్టలు మార్చి, పడుకోబెట్టి వెళ్లిపోయాడు.

అలవాటుగా గదిలోకి వెళ్లాను. దుప్పటి సరిగ్గానే ఉంది. దిండూ సరిగ్గానే ఉంది. కాళ్ల కింద పెట్టాల్సిన మెత్త కూడా పెట్టేశాడు. చేయడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆ గదిలో అంతసేపు ఊరికే ఎప్పుడూ కూర్చోలేదు.

బల్ల మీద వాడు తెచ్చిన వేరుశనక్కాయల పొట్లం ఉంది. ఒక్కొక్కటీ వలిచి, ఒకటి వాడి నోట్లో, రెండు నా నోట్లో వేసుకుంటున్నాను.

"ఎవరు గెలిచారురా?" అన్నాను.

"మనవాళ్లు ఓడిపోయారు," అన్నాడు బొంగురు గొంతుతో, ఒళ్లంతా సంతోషంగా. "ముందు రూల్స్ చెప్తాను, విను."

చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మళ్లీ చెప్పు" అన్నాను.